తిండి తగ్గించినా బరువు ఎందుకు ఆగిపోయింది?

ముందు మీరు రాసినదాన్ని క్లుప్తంగా మళ్ళీ చెప్పుకుంటాను, ఎందుకంటే జవాబంతా ఆ అంకెల మీదే నడుస్తుంది. వయసు 38, ఎత్తు 156 సెంటీమీటర్లు. జులై మొదట్లో 78 కిలోలు, సెప్టెంబరు ఆఖరుకి 71. విజయనగరంలో ఉంటూ రోజూ బస్సులో గజపతినగరం వైపు స్కూలుకి వెళ్ళి పాఠాలు చెబుతారు. రోజుకు 900 కేలరీలే తింటున్నానన్నారు. ఐదు వారాలుగా కాటా 71 దగ్గర బిగుసుకుపోయింది. చలి ఎక్కువైంది, దువ్వెన నిండా జుట్టే, పోయిన నెలసరి పన్నెండు రోజులు ఆలస్యమైంది. జిమ్ అబ్బాయి "మేడం, మీ మెటబాలిజం డ్యామేజ్ అయిపోయింది, స్టార్వేషన్ మోడ్‌లోకి వెళ్ళిపోయారు" అని ఒక పౌడరు డబ్బా చూపించాడు. పక్కింటి పిన్నిగారు ఇంకో పూట మానేయమన్నారు. అతని మాట వినాలా, ఆవిడ మాట వినాలా అన్నది మీ ప్రశ్న. చివర్లో మీ అత్తగారి సంగతి కూడా అడిగారు. దానికి ఆఖర్న వస్తాను.

నేను ఇరవై రెండేళ్ళుగా విజయనగరంలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్న నెలకి కనీసం పదిసార్లు వింటాను. ఇద్దరి మాటా వినక్కర్లేదమ్మా. మెటబాలిజం అంటే ఒళ్ళు శక్తిని ఖర్చుపెట్టే తీరు. మీ ఒంట్లో ఏదీ చెడిపోలేదు. ఖర్చు తగ్గించుకుంది, అంతే. అదీ ఆ అబ్బాయి చెప్పినంత కాదు. బరువు ఆగడానికి అసలు కారణం చాలా వరకు వేరే చోట ఉంది.

మనం రోజంతా ఖర్చు చేసే శక్తిలో అరవై డెబ్బై శాతం ఊరికే బతికి ఉండడానికే పోతుంది. గుండె కొట్టుకోవాలి, మెదడు పనిచేయాలి, కాలేయం, కిడ్నీలు తమ పని తాము చేసుకోవాలి, ఒళ్ళు వెచ్చగా ఉండాలి. తిన్నది అరిగించుకోవడానికి ఒక పది శాతం. మిగిలింది కదలికలకి. మీ వయసు, ఎత్తు, బరువు పెట్టి మేం వాడే సూత్రం ప్రకారం లెక్కేస్తే 78 కిలోల దగ్గర మీ విశ్రాంతి ఖర్చు 1,400 కేలరీలు, నడకా పనీ కలిపి రోజు మొత్తం 1,950 దాకా వస్తుంది. 71 కిలోలకి వచ్చేసరికి ఆ మొత్తం 1,850. ఈ వంద తగ్గడంలో వింతేమీ లేదు. ఏడు కిలోల మూట దించేశారు, మోసే కూలి తగ్గింది.

అసలు సంగతి దీని తర్వాత మొదలవుతుంది. తగ్గిన బరువుకి ఎంత తగ్గాలో అంతకన్నా ఇంకొంచెం ఎక్కువగా ఒళ్ళు ఖర్చు తగ్గించుకుంటుంది. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. చిన్నప్పుడు వానలు ముఖం చాటేసిన ఏడు చెరువు సగానికి వచ్చిందంటే ఊరి పెద్దలు తూము దించేసేవారు. చెరువు ఎండిపోయాక దించడం కాదు, ముందే. మొదట నారుమళ్ళకీ దగ్గరి పొలాలకీ నీళ్ళు. శివారు పొలాలు ఆగాలి. ఒళ్ళూ అలాగే చేస్తుంది. మెదడుకీ గుండెకీ కోత పెట్టదు. జుట్టు, గోళ్ళు, నెలసరి, చేతివేళ్ళ వెచ్చదనం, ఇవన్నీ దానికి శివారు పొలాలు. మీరు రాసిన మూడు లక్షణాలూ ఆ శివారులోవే.

ఆ తూము దించేది ఎక్కువగా లెప్టిన్ అనే హార్మోను. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దీన్ని కనిపెట్టింది. కొవ్వు కణాలు దీన్ని తయారుచేసి "మా దగ్గర ఇంత నిల్వ ఉంది" అని మెదడుకి కబురు పంపుతుంటాయి. తిండి బాగా తగ్గిస్తే, కొవ్వు కరిగేకంటే ముందే ఈ కబురు పల్చబడుతుంది. మెదడు దాన్ని కరువు అనుకుంటుంది. థైరాయిడ్ హార్మోన్లలో చురుకైన టీ3 కొంత దిగుతుంది, గుండె వేగం తగ్గుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. ఇంకో విచిత్రం, కండరాలు పొదుపు నేర్చుకుంటాయి. అయ్యకోనేరు చుట్టూ అవే మూడు చుట్లు జులైలో తిరిగినప్పుడు ఖర్చయినంత ఇప్పుడు కాదు. ఒకటి మీ బరువు తగ్గడం వల్ల, రెండు కండరం తక్కువ ఇంధనంతో అదే పని చేయడం వల్ల.

దీన్ని బాగా కొలిచి చూసిన పాత ప్రయోగం ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944 నవంబరులో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల మీద చేశాడు. యుద్ధం చేయమని నిరాకరించి, దానికి బదులు ఈ పనికి ఒప్పుకున్న వాళ్ళు. ఆరు నెలల పాటు వాళ్ళ తిండిని దాదాపు సగానికి తగ్గించి, వారానికి 22 మైళ్ళు నడిపించారు. బరువులో పావువంతు పోయింది. విశ్రాంతి ఖర్చు దాదాపు 40 శాతం పడిపోయింది. అందులో ఎక్కువ భాగం ఒళ్ళు తరిగిపోయినందుకే. కణజాలం తగ్గిన లెక్క తీసేసినా ఇంకా పదిహేను శాతం పైన మిగిలింది. ఎండాకాలంలో కోట్లు వేసుకుని తిరిగారు. తిండి తప్ప మరో ఆలోచన లేదు, వంటల పుస్తకాలు పోగేసుకున్నవాళ్ళు ఉన్నారు. మెట్లెక్కడం, మాట్లాడడం కూడా తగ్గించేశారు.

జిమ్ అబ్బాయి గమనించాల్సింది ఏమిటంటే, అంతగా మందగించినా వాళ్ళు నెలనెలా తగ్గుతూనే ఉన్నారు. ఖర్చు ఎంత తగ్గినా రాబడికంటే ఎక్కువే ఉంది కాబట్టి. "తక్కువ తింటే ఒళ్ళు కొవ్వు వదలదు, ఇంకా లావెక్కుతారు" అనే మాట నిజమైతే కరువుల్లో ఎవరూ ఎముకల గూడు అయ్యేవారు కాదు. మన ప్రాంతం పాత తరాన్ని అడగండి, చెబుతారు.

ఈ భయానికి ఇప్పుడు ఎక్కువమంది చూపించే సాక్ష్యం అమెరికాలోని ఒక టీవీ బరువు తగ్గింపు పోటీ. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత మళ్ళీ కొలిచారు. అప్పట్లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలో పనిచేసిన కెవిన్ హాల్ 2016లో ఆ ఫలితాలు ప్రచురించాడు. ముప్పై వారాల్లో సగటున 58 కిలోలు తగ్గినవాళ్ళు, ఆరేళ్ళలో 41 కిలోలు తిరిగి పెరిగారు. వాళ్ళ విశ్రాంతి ఖర్చు ఉండాల్సిన దానికన్నా రోజుకు 500 కేలరీలు తక్కువగా తేలింది. ఇక్కడితో ఆపి వీడియోలు చేస్తారు. అదే పరిశోధనలో ఉన్న రెండో మాట చెప్పరు. ఎవరిలో మందగింపు ఎక్కువగా ఉందో, వాళ్ళే తగ్గిన బరువుని బాగా నిలుపుకున్నారు. అంటే మందగించినందువల్ల బరువు తిరిగొచ్చింది అని చెప్పడానికి వీల్లేదు. పైగా వాళ్ళు రోజుకి గంటల తరబడి వ్యాయామం చేసి, తిండి బాగా కోసి, నెలల్లో అంత బరువు దించుకున్నవాళ్ళు. మీ ఏడు కిలోలకీ దానికీ పోలిక లేదు.

ఇంకా దగ్గరి పోలిక కావాలంటే, పన్నెండు కిలోల దాకా తగ్గిన మహిళలని ఒక అధ్యయనంలో నాలుగు వారాల పాటు బరువు అక్కడే నిలబెట్టి ఆ తర్వాత కొలిచారు. అదనపు మందగింపు సగటున 50 కేలరీల చుట్టూ వచ్చింది. సగం అరటిపండు. డైట్ మధ్యలో, బరువు దిగుతున్న వేడిలో కొలిస్తే ఎక్కువ కనిపిస్తుంది, స్థిమితపడ్డాక చాలావరకు తేరుకుంటుంది. దీన్ని డ్యామేజ్ అనడం నాకు నచ్చదు. చెరువు నిండితే తూము మళ్ళీ ఎత్తుతారు.

మరి కాటా ఎందుకు కదలడం లేదు? ఇక్కడ కొంచెం ఇబ్బందికరమైన లెక్క చేయాలి. కోపం తెచ్చుకోకండి.

జులై నుంచి సెప్టెంబరు దాకా 90 రోజులు. తగ్గిన ఏడు కిలోల్లో మొదటి రెండు కిలోలు దాదాపు నీళ్ళే. కండరాల్లోనూ కాలేయంలోనూ నాలుగైదు వందల గ్రాముల గ్లైకోజన్ నిల్వ ఉంటుంది, ప్రతి గ్రాముతోపాటు మూడు గ్రాముల నీళ్ళు అంటిపెట్టుకుని ఉంటాయి. అన్నం తగ్గించగానే అదీ ఇదీ కలిసి వెళ్ళిపోతాయి. మొదటి వారం అందరూ సంబరపడేది దీనికే. మిగిలిన అయిదు కిలోలూ కొవ్వే అనుకుందాం. కిలో కొవ్వుకి 7,700 కేలరీలు. అయిదు కిలోలకి 38,500. తొంభై రోజులకి పంచితే రోజుకు 430 లోటు. మీ ఖర్చు ఆ మూడు నెలల్లో సగటున 1,850 అనుకుంటే, మీరు తిన్నది రోజుకు 1,400 చుట్టూ ఉండాలి. నిజంగా 900 తినుంటే ఈపాటికి పదమూడు కిలోల దాకా దిగిపోయేవారు.

మీరు అబద్ధం చెప్పారని కాదు. ఈ తేడా అందరికీ వస్తుంది, నాకూ వస్తుంది. 1992లో అమెరికాలో "ఎంత తక్కువ తిన్నా తగ్గం" అని చెప్పిన పదిమందిని తీసుకుని, శరీరంలో ఖర్చయిన శక్తిని కచ్చితమైన పద్ధతిలో కొలిచారు. మెటబాలిజంలో పెద్ద తేడా ఏమీ దొరకలేదు. వాళ్ళు రాసుకున్న తిండి, నిజంగా తిన్నదాంట్లో సగం కంటే కొంచెమే ఎక్కువ. చేశామనుకున్న వ్యాయామమేమో చేసినదానికి ఒకటిన్నర రెట్లు.

మీరు పంపిన డైరీ చూశాను. "అన్నం ఒక కప్పు, 130" అని రాశారు. ఉడికిన అన్నం వంద గ్రాములకి 130 నిజమే. మన ఇళ్ళల్లో కప్పు అనే స్టీలు గిన్నెలో రెండు వందల గ్రాములు పడుతుంది. స్టాఫ్‌రూమ్ టీ ఎక్కడా లేదు. రెండు చెంచాల పంచదారతో పాల టీ ఒక్కోటి 80, 90 ఉంటుంది, మూడు తాగితే పావు రోజు తిండి. కూరలో నూనెని "ఒక చెంచా" అన్నారు. నూనెని చెంచాలతో లెక్కపెట్టకండి, ప్యాకెట్లతో లెక్కపెట్టండి. నలుగురున్న ఇంట్లో నెలకి నాలుగు లీటరు ప్యాకెట్లు అయిపోతే, మనిషికి రోజుకు ముప్పై గ్రాములు, అంటే 270 కేలరీలు. కిరాణా చీటీ అబద్ధం చెప్పదు. కన్నవారింటి నుంచి వచ్చిన పలాస జీడిపప్పు గుప్పెడు 170.

ఇంకొకటి, మీ ఐదు వారాలు ఎప్పుడు వచ్చాయో క్యాలెండరు తీసి చూడండి. దసరా వెళ్ళాక పైడితల్లమ్మ పండుగ, ఒకరోజు తొలేళ్ళు, మర్నాడు సిరిమాను. ఇంటి నిండా చుట్టాలు. ఆ తర్వాత దీపావళి. విజయనగరంలో పైడితల్లమ్మ పండుగకి బరువు తగ్గిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. వారంలో ఐదు రోజులు 1,200 తిని, రెండు రోజులు 2,500 తింటే సగటు దాదాపు 1,600 అవుతుంది. ఇప్పుడు మీ ఖర్చు ఎంత? 71 కిలోలకి 1,850 అన్నాం. పొదుపు వల్ల ఓ వంద, తెలియకుండా కదలికలు తగ్గినందుకు ఓ నూటయాభై తీసేయండి. 1,600. రాబడీ ఖర్చూ సమానం. కాటా ఆగింది. ఇందులో మాయ లేదు.

ఆ తెలియకుండా తగ్గిన కదలికల గురించి ఒక్క మాట. పనిగట్టుకుని చేసే నడక గురించి కాదు. నిలబడి పాఠం చెప్పే మనిషి కుర్చీలో కూర్చుని చెప్పడం, మేడమీది బట్టలు పిల్లాడితో తెప్పించుకోవడం, బస్టాండు నుంచి ఇంటికి ఆటో ఎక్కడం. తిండి బాగా తగ్గినప్పుడు ఇవన్నీ వాటంతటవే జరుగుతాయి, మనసుకి తెలియదు. ఫోనులో అడుగులు లెక్కపెట్టే యాప్ ఉంటే జులైవీ ఇప్పటివీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది, బయట ఎవరూ పెద్దగా చెప్పనిది ఆకలి. కెవిన్ హాల్ బృందమే ఇంకో తెలివైన లెక్క చేసింది. ఒక రకం షుగర్ మాత్ర ఉంది, రక్తంలోని గ్లూకోజ్‌ని కొంత మూత్రంలోకి వదిలేస్తుంది. రోజూ కేలరీలు పోతుంటాయి గానీ మనిషికి ఆ సంగతి తెలియదు. అలాంటివాళ్ళ బరువు ఎలా మారిందో చూసి, వాళ్ళు తెలియకుండా ఎంత ఎక్కువ తిన్నారో తేల్చారు. ఒక కిలో తగ్గితే ఒళ్ళు ఖర్చుని రోజుకు పాతిక ముప్పై కేలరీలు తగ్గించుకుంటుంది, ఆకలినేమో వంద కేలరీల మేర పెంచుతుంది. మూడు నాలుగు రెట్లు. మీ ఏడు కిలోలకి చూస్తే, ఖర్చు వైపు రెండువందల చుట్టూ, ఆకలి వైపు ఏడువందలు. రోజూ ఏడువందల కేలరీల బరువున్న చెయ్యి ఒకటి మిమ్మల్ని వంటింటి వైపు లాగుతోంది. మీరు దాన్ని మూడొంతులు ఆపగలుగుతున్నారు, అది చిన్న సంగతి కాదు. మిగిలిన ఒక వంతు అన్నం కప్పులోకీ, టీలోకీ, పిల్లలు వదిలేసిన పెరుగన్నంలోకీ జారిపోతోంది.

ఈ లాగుడు పది రోజుల్లో పోయేది కాదు. 2011లో ఆస్ట్రేలియాలో వచ్చిన ఒక అధ్యయనంలో పది వారాలు చాలా తక్కువ తిండి పెట్టి బరువు తగ్గించినవాళ్ళని ఏడాది తర్వాత చూస్తే, ఆకలిని రేపే గ్రెలిన్ ఇంకా ఎక్కువగానూ, లెప్టిన్ ఇంకా తక్కువగానూ ఉన్నాయి. అందుకే పిన్నిగారి సలహా పనికిరాదు. ఇంకో పూట మానేస్తే తూము ఇంకొంచెం దిగుతుంది, ఆ చెయ్యి ఇంకా గట్టిగా లాగుతుంది, సంక్రాంతి అరిసెల దగ్గర కట్ట తెగుతుంది.

పూట మానడం గురించి అపోహ కూడా తీర్చేస్తాను. కార్తీక సోమవారం ఉపవాసం ఉంటే మెటబాలిజం పడిపోతుందా అని చాలామంది అడుగుతారు. పడిపోదు. ఒకటి రెండు రోజుల ఉపవాసంలో విశ్రాంతి ఖర్చు ఏమాత్రం తగ్గదు, నారడ్రినలిన్ అనే హార్మోను వల్ల కొంచెం పెరిగిన సందర్భాలు కూడా కొలిచారు. పొద్దున్న టిఫిను మానినా అంతే. ఒళ్ళు పట్టించుకునేది వారాల తరబడి సాగే లోటుని. ఇబ్బందల్లా నక్షత్రం చూశాక పెట్టుకునే పళ్ళెంలో ఉంది.

కాటా విషయంలో నీళ్ళ సంగతి మళ్ళీ చెప్పాలి. నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ మీకు తెలిసే ఉంటుంది, వెయిట్‌లిఫ్టర్ల ఊరు. పోటీకి ముందు బరువు విభాగంలో ఇమడడానికి పిల్లలు ఉప్పూ నీళ్ళూ కట్టేసి రెండు రోజుల్లో రెండు కిలోలు దించుతారు, సాయంత్రానికి మళ్ళీ ఎక్కేస్తారు. ఒక్క గ్రాము కొవ్వు కదలదు. మీలో అదే తలకిందులుగా జరుగుతూ ఉండొచ్చు. ఎక్కువకాలం తక్కువ తిని, నిద్ర చాలక, టెన్షన్ పడే మనిషి ఒంట్లో నీరు నిలుస్తుంది. మిన్నెసోటా కుర్రాళ్ళకీ కాళ్ళు పొంగాయి. దానికి ఆవకాయ, మెత్తళ్ళ ఉప్పు తోడైతే, నెలసరి ముందు వారం తోడైతే, కొవ్వు కరుగుతున్నా కాటా రెండు మూడు వారాలు చెప్పదు. అందుకే నెలకొకసారి నడుము చుట్టూ టేపు పెట్టి కొలవమంటాను.

ఇప్పుడు చేయాల్సిన పని. వచ్చే ఆరు వారాలు తగ్గే ప్రయత్నం ఆపేయండి. నిజంగానే. రోజుకు 1,600 దాకా తినండి, 71 దగ్గర నిలబడండి. మొదటి వారం ఒక కిలో పెరుగుతుంది, అది గ్లైకోజన్, దాని నీళ్ళు. కంగారుపడి మళ్ళీ కోయకండి. ఇలా మధ్యలో విరామం ఇస్తే కొవ్వు ఎక్కువ తగ్గుతుందని కొన్ని ప్రయోగాల్లో వచ్చింది, కొన్నింట్లో తేడా రాలేదు. నేను విరామం చెప్పేది దానికోసం కాదు. నెలసరి వెనక్కి వెళ్తున్న మనిషికి, జుట్టు రాలుతున్న మనిషికి ముందు తూము ఎత్తాలి. జుట్టు మాత్రం రెండు మూడు నెలల వెనకటి లెక్క చెబుతుంది, ఇవాళ తిన్నదానికి రేపే ఆగదు.

ఆ 1,600లో మాంసకృత్తులు అరవై నుంచి డెబ్బై గ్రాములు ఉండాలి. రెండు కారణాలు. తగ్గేటప్పుడు కండ పోకుండా కాస్తాయి. అరిగించుకోవడానికే వాటి కేలరీల్లో ఇరవై నుంచి ముప్పై శాతం ఖర్చవుతుంది, అన్నానికి పది కూడా కాదు. పైగా కడుపు నిండిన భావం ఎక్కువసేపు ఉంటుంది, ఆకలే మీ అసలు శత్రువని చెప్పుకున్నాం కదా. దీనికి డబ్బా పౌడరు అక్కర్లేదు. రెండు గుడ్లు, ముద్దపప్పు పెద్ద గరిటెడు, గుప్పెడు ఉలవ గుగ్గిళ్ళు, గిన్నెడు పెరుగు, వంద గ్రాముల చేప, నూట యాభై గ్రాముల బియ్యం వండిన అన్నం, మామూలుగా కూరలు, కొలిచిన నూనె, రెండు టీలు. సరిపోతుంది. ఉలవలు మన జిల్లాల పంట, వందగ్రాముల్లో ఇరవై పైన మాంసకృత్తులు ఉంటాయి, ఎద్దులకి పెట్టేవాళ్ళం అని చిన్నచూపు చూడకండి. చోడి (రాగి) అంబలి గురించి అడిగారు. తాగండి, కాల్షియం బాగా ఉంటుంది. కానీ చోడిపిండి కేలరీలు బియ్యానికి కొంచెం తక్కువ, అంతే. గ్లాసులకి గ్లాసులు తాగితే బరువు తగ్గే మందేమీ కాదు.

అయితే ఒక్క క్షణం ఆగండి. మీ కన్నవారిది కవిటి దగ్గర అన్నారు. అంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. ఉద్దానం మనిషికి ముందు కిడ్నీల పరిస్థితి చెప్పే పరీక్షలు, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూడకుండా నేను మాంసకృత్తులు పెంచమని చెప్పను. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఎంతోమందికి బీపీ, షుగర్ ఏవీ లేకుండానే కిడ్నీలు పాడవుతున్నాయని మీకు నేను చెప్పాలా. పైకి ఏమీ తెలియదు. చిన్నప్పుడు అక్కడ పెరిగి పెళ్ళయ్యాక ఇటు వచ్చేశాం కదా అనుకోకండి. రిపోర్టు మామూలుగా ఉంటేనే పైన చెప్పిన లెక్క. తేడా ఉంటే ఎంత తినాలో కిడ్నీ డాక్టరు చెప్పాలి. జిమ్ అబ్బాయి ఆ డబ్బా అమ్మే ముందు ఈ ప్రశ్న అడిగాడా? అడిగుండడు.

అదే రక్తంతో హీమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) కూడా చూపించండి. చలికీ జుట్టుకీ రక్తహీనత, థైరాయిడ్ రెండూ కారణాలే, అన్నీ డైట్ మీదకి తోసేయలేం. తక్కువ తిన్నప్పుడు టీ3 కొంచెం దిగి, టీఎస్‌హెచ్ మామూలుగానే ఉండడం సహజం. దాన్ని చూసి బరువు కోసం థైరాయిడ్ మాత్ర వేసుకోమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కుడివైపు పక్కటెముకల కింద, తిన్నాక నొప్పి వస్తుంటే అదీ చెప్పండి. వేగంగా బరువు తగ్గేవాళ్ళలో పిత్తాశయంలో రాళ్ళు పడతాయి. నెలసరి ఇంకా వెనక్కి పోతుంటే గైనకాలజిస్టుని కలవండి.

నడక మానకండి, దానికి తోడు వారానికి మూడు రోజులు బరువులెత్తండి. ఆడవాళ్ళకి బరువులేమిటి అనే మాట మన ప్రాంతంలో ఎవరూ అనకూడదు, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. రెండు నీళ్ళ సీసాలతో మొదలుపెట్టండి, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం పదిసార్లు. కండ పెరిగితే నిద్రలో కూడా కేలరీలు కరిగిపోతాయని మాత్రం ఆశపడకండి. కిలో కండ విశ్రాంతిలో రోజుకు ఖర్చు చేసేది పదమూడు కేలరీలే. మేం ఎత్తమనేది తగ్గే బరువు కొవ్వులోంచి పోవాలని, రేపు అరవై ఏళ్ళకి మెట్లెక్కగలగాలని.

ఆరు వారాలయ్యాక, నెలసరి సర్దుకుంటే, రోజుకు 300 లోటు పెట్టి మళ్ళీ మొదలుపెడదాం. 1,300కి తక్కువ వద్దు. నెలకి కిలో, కిలోంపావు దిగుతుంది. నెమ్మదే. వారానికి మూడు రోజులు పొద్దున్నే, మూత్రానికి వెళ్ళొచ్చాక బరువు చూసి సగటు రాసుకోండి. ఆదివారం బిర్యానీ మర్నాడు చూసిన అంకెని రాయకండి.

మీ అత్తగారి సంగతి. 64 ఏళ్ళు, షుగర్‌కి గ్లిమిపిరైడ్ వేసుకుంటున్నారు, మీతోపాటు ఆవిడా రాత్రి అన్నం మానేద్దామనుకుంటున్నారు. డాక్టరుని అడగకుండా మానవద్దని చెప్పండి. ఆ మాత్ర తిండి ఉన్నా లేకపోయినా ఇన్సులిన్‌ని విడుదల చేయిస్తూనే ఉంటుంది. అన్నం మానేసి మాత్ర మాత్రం వేసుకుంటే తెల్లవారుజామున షుగర్ పడిపోయి మనిషి లేవకపోవచ్చు. బీపీ మాత్రలు ఉంటే వాటి మోతాదు కూడా బరువు తగ్గేకొద్దీ చూసుకోవాలి. ముందు వారం రోజులు ఆవిడ పరగడుపు షుగర్, రాత్రి పడుకునే ముందు షుగర్ కాగితం మీద రాయండి. ఆ కాగితం పట్టుకుని ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మాత్ర మోతాదు మార్చాక మాత్రమే పళ్ళెం మార్చాలి. అప్పటిదాకా రాత్రి చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్ళీ షుగర్ చూడండి. మనిషి మగతగా ఉండి మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.